సెకనుకు 27,000 ఎక్స్‌రే మెరుపులు వస్తే, అన్నిటినీ ఫోటో తీయగలరా?

తీయలేరు. "సెకనుకు 27,000 ఫోటోలు" అని ఎక్కడ చదివినా నాకు ఒళ్ళు మండుతుంది. హాంబర్గ్ దగ్గరి యూరోపియన్ ఎక్స్‌ఫెల్ లేజర్ అన్ని మెరుపులు ఇవ్వగలదన్నది నిజమే. అక్కడి ఏజీఐపీడీ అనే కెమెరా పట్టుకునేది మాత్రం సెకనుకు 3,520. దండలన్నీ లేజర్‌కే, కెమెరాను అడిగే నాథుడు లేడు. ఇలాంటి కెమెరాలను పరీక్షించే పనిలో మూడేళ్ళున్నాను, అందుకే ఈ ఉక్రోషం.

ఒకసారి యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ వచ్చాను. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. గేటు బయట కనుచూపు మేర ధాన్యం లారీలు. ఆ వారం రోజులు ఆ రోడ్డు మీద స్కూటర్ నడపడం కన్నా కెమెరా తయారు చేయడమే సులువు. కాంటా గదిలో కూర్చుని నాన్న అడిగారు, "ఇంతకీ మీ కెమెరాతో ఇబ్బంది ఏమిటి బిడ్డా?"

లారీలు చూపించాను. మెరుపులు ఏడాది పొడవునా సమంగా వచ్చే సరుకు కాదు. సెకనుకు పది గుంపులు, గుంపుకు 2,700. మెరుపుకూ మెరుపుకూ నడుమ 220 నానోసెకన్లే. 0.6 మిల్లీసెకన్లలో గుంపు దాటిపోతుంది, ఆ తర్వాత 99 మిల్లీసెకన్లకు పైగా ఖాళీ.

"అయితే ముందు బస్తాలు దించుకుని, లారీలు పోయాక తీరిగ్గా మర ఆడిస్తారన్నమాట."

సరిగ్గా అంతే. ప్రతి పిక్సెల్‌లోనూ 352 చిన్న గదులుంటాయి, మెరుపుకు ఒకటి చొప్పున. ఖాళీ సమయంలో వాటిని వరసగా చదువుతారు. గదులు నిండితే మిగతా మెరుపులు వచ్చిన దారినే పోతాయి. డీఎస్ఎస్సీ అనే మరో కెమెరాలో 800 గదులున్నాయి, అయినా 2,700 ఎక్కడ?

"సంచికి చిల్లుంటే?" అన్నారు నాన్న.

మేము ఆరు నెలలు తలలు పట్టుకున్నది ఆ చిల్లు గురించే! గది అంటే కెపాసిటర్, మెరుపు వల్ల పుట్టిన విద్యుదావేశాన్ని కాసేపు దాచి ఉంచే చిన్న భాగం. చదివే వంతు వచ్చేలోగా అందులోని విద్యుదావేశం కొద్దికొద్దిగా కారిపోతుంది. వేడెక్కితే మరీ ఎక్కువ. ఒక రాత్రి శీతలీకరణ యంత్రం మొరాయించింది. తెల్లవారి చూస్తే చివరగా చదివిన గదుల లెక్కకూ మొదటివాటికీ పొంతన లేదు. పది లక్షల పిక్సెళ్ళలో సుమారు 37 కోట్ల గదులు. దేని తరుగు దానికి విడిగా కొలవాలి.

"ఇక్కడ తరుగు రైతు లెక్కలో పోతుంది. అక్కడ?"

నెలల తరబడి ఎదురుచూసి ఆ లేజర్ మీద నాలుగు రోజుల సమయం దక్కించుకున్న శాస్త్రవేత్త లెక్కలో అన్నాను. నాన్న తలాడించి, తర్వాతి లారీ చిట్టీ అందుకున్నారు.