కోడె సంగతి ముందు తేల్చుకో నాయనా

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

మదనపల్లెలో మోటార్ల షాపు తమ్ముడికి అప్పజెప్పి, మన చేలో పుంగనూరు ఆవులు పెట్టబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. మీ పెద్దనాన్న పోయాక ఖాళీ అయిన కొట్టంలో మళ్ళీ ఆ పొట్టి ఆవులు కట్టేస్తారంటే ఎవరికి సంతోషంగా ఉండదు? కానీ ఆ తర్వాత మాటకే ప్రాణం ఉసూరుమంది. ఐదు ఆవులు, ఒక కోడె, అన్నీ ఒకే ఆసామి దగ్గర కొంటున్నావట. అడ్వాన్సు కూడా సిద్ధం చేసుకున్నావట. అందుకే ఈ ఉత్తరం.

కొట్టం గురించి నీకు చెప్పేదేముంది, నేల తడి లేకుండా చూసుకో. రాగి గడ్డి, శనక్కాయ తీగ, కాస్త పచ్చి మేత చాలు. కరువు సీమలో బతకడం నేర్చిన పశువు అది, జెర్సీకి పోసినట్టు దాణా పొయ్యొద్దు. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలు పడకముందే. ఆడదూడకు నాలుగో నెల దాటాక, ఎనిమిదో నెల నిండకముందే బ్రూసెల్లా, అదే చూడి పోగొట్టే అంటురోగం, దాని టీకా ఒక్కసారి. పాలమ్మి బ్యాంకు కంతులు కడతానని లెక్క వేసుకుని ఉంటే ఆ లెక్క ఇప్పుడే కొట్టెయ్. రోజు మొత్తానికి రెండు మూడు లీటర్లిస్తే గొప్ప. పాలు చిక్కగా ఉంటాయి, వెన్న బాగా పడుతుంది, అంతే.

ఇక అసలు సంగతికొస్తా. మీ పెద్దనాన్న దగ్గర బుల్లోడని ఒక కోడె ఉండేది. నువ్వప్పటికి చిన్నపిల్లాడివి, గుర్తుండదు. తెల్లటి ఒళ్ళు, మూపురం దగ్గర బూడిద రంగు. తోక కుచ్చు నేల మీద ఈడుస్తూ నడిచేది. సాయంత్రం ఆయన అరచేతిలో రాళ్ళ ఉప్పు పోసుకుని నిలబడితే, ఉప్పు అయిపోయినా చెయ్యి నాకుతూనే ఉండేది. ఆయన కదిలేవారు కాదు. దాని మీద అంత ప్రేమ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎదకొచ్చిన ఆవుల్ని తోలుకొచ్చి దీనితోనే దాటించుకునేవాళ్ళు. ఆ రోజుల్లో అంతా జెర్సీ సూదుల వెంట, అదే ఆవుకు జెర్సీ కోడె వీర్యం ఎక్కించడం వెంట పడ్డారు. పొట్టి కోడెలన్నిటికీ వట్టలు కొట్టించేశారు, లేదా సంతకు తోలేశారు. విత్తనానికి పనికొచ్చే కోడె మన ఇంట్లో ఉందని ఆయనకు గర్వం. మా ఆవులకు పుట్టిన కోడెదూడల్ని మాత్రం అమ్మేసేవారు. బుల్లోడుండగా ఇంకోటెందుకే అనేవారు.

బుల్లోడికి పుట్టిన పెయ్యలు ఎదకొచ్చాయి. వాటినీ దానితోనే దాటించారు. వద్దండీ, తండ్రీ కూతురూ కదా అన్నాను. పశువులకు వావి వరసలేమిటే అని నవ్వారు. మొదటి దూడలు మరీ చిన్నగా, బొమ్మల్లా పుట్టాయి. చూడొచ్చిన ప్రతివాడూ ఇదీ అసలైన జాతి అన్నాడు. ఆయన మురిసిపోయారు. ఆ మరీ పొట్టితనమే రోగానికి మొదలని మాలో ఎవరికీ తట్టలేదు. తర్వాత పెయ్యలు ఎదకొస్తున్నాయి గానీ చూడి నిలవడం లేదు. నిలిచినవి నెలలు నిండకుండానే ఈసుకుపోవడం మొదలైంది. ఒక దూడ పుట్టి, పొదుగు దాకా మూతి ఎత్తలేక నా ఒళ్ళోనే తల వాల్చేసింది. నేను జున్నుపాలు వేలితో రాస్తే చప్పరించడానికి కూడా ఓపిక లేదు. దిష్టి తగిలిందన్నారు, మేతలో లోపమన్నారు, కొట్టం వాస్తు కూడా మార్పించారు. చివరికి ఒక పశువుల డాక్టరు వచ్చి, దూడల తండ్రి ఎవరు, తల్లుల తండ్రి ఎవరు అని అడిగాడు. రెండింటికీ ఒకటే జవాబు.

ఆయనే విడమరిచి చెప్పాడు. ప్రతి పశువు రక్తంలోనూ ఏదో ఒక లోపం దాగి ఉంటుందట. తల్లివైపు నుంచి, తండ్రివైపు నుంచి అదే లోపం వచ్చి కలిస్తే బయటపడుతుందట. 20 ఆవులకు ఒక్కటే కోడె ఉంటే, చూడ్డానికి 21 పశువులున్నా విత్తనం లెక్కలో అది నాలుగు పశువుల మందతో సమానం. అదే ఆవులకు నాలుగు కోడెలుంటే పదమూడుకు పెరుగుతుంది. ఆవుల్ని ఎన్ని పెంచినా కోడెల్ని పెంచకపోతే జాతి నిలవదు నాయనా. ఈ మాట విన్నాక మీ పెద్దనాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బుల్లోడిని కోప్పడలేరు, తనను తాను క్షమించుకోలేరు. వేరే కోడె కోసం పలమనేరు, చౌడేపల్లె, బైరెడ్డిపల్లె అంతా తిరిగారు పాపం.

ఇప్పుడు నువ్వు కొనబోయే మందలో ఆ ఐదు ఆవులకూ తండ్రి ఎవరో అడిగావా? అడగలేదు, నాకు తెలుసు. కొమ్ములు చూశావు, ఎత్తు చూశావు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఈ ఆవులకు మేత తినిపించిన ఫొటోలు వచ్చాక, అడుగున్నరది ఉందా, అంతకన్నా పొట్టిది ఉందా అని బేరాలకొస్తున్నారు. మన పుంగనూరు పశువు సహజంగా 70 నుంచి 90 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంతకన్నా బాగా పొట్టిదని చూపించి లక్షలడిగితే, అది ఎలా పొట్టిదైందో ముందు అడుగు. మేడ మీద బాల్కనీలో ముద్దుకు పెంచుకునేవాళ్ళకు ఎత్తొక్కటే చాలు. నీకు చాలదు. నీ పెయ్య ఈనాలి, దాని పెయ్యా ఈనాలి.

కాబట్టి ఆ ఆసామి దగ్గర ఆవులు మాత్రమే తీసుకో, కోడె వద్దు. కోడె వేరే ఊరి మందలోంచి రావాలి. ముందు పలమనేరులో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన కేంద్రానికి వెళ్ళు. ఈ జాతిని అక్కడే కాపాడుతున్నారు. కోడె దొరుకుతుందా, వీర్యం దొరుకుతుందా కనుక్కో. కోడె ఎక్కడిదైనా బ్రూసెల్లా రక్తపరీక్ష కాగితం చూడకుండా మందలోకి తోలొద్దు. దాని పెయ్యలు ఎదకొచ్చే వయసుకు దాన్ని ఇంకొకరికి ఇచ్చి, వాళ్ళది నువ్వు తెచ్చుకో. ప్రేమ పెరిగి ఇవ్వబుద్ధి కాదు, అయినా ఇవ్వు. పుట్టిన కోడెదూడలన్నిటికీ వట్టలు కొట్టించకు, మంచివి రెండు ఉంచు. చెవిపోగు మీదున్న 12 అంకెల నంబరు, తల్లి, తండ్రి, ఈనిన తేదీ పుస్తకంలో రాయి. నోటిలెక్క వద్దు.

ఇంకొకటి. చూడి నిలవడం లేదని విసుగొచ్చి జెర్సీ సూది మాత్రం వేయించకు. పొట్టి ఆవు కటి ఎముక సందు ఎంతని? జెర్సీ దూడ పెద్దది, అడ్డం పడితే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. ఆ అరుపు అర్ధరాత్రి వినాల్సిన ఖర్మ నీకొద్దు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. మన ఇంట్లో ఈ పని తలకెత్తుకున్నవాడివి నువ్వొక్కడివే. డబ్బులో నాకున్నదీ కొంత ఇస్తాను, మీ అమ్మకు చెప్పకు. అడ్వాన్సు ఆపు. వచ్చే ఆదివారం బండి తీసుకురా, ఇద్దరం వెళ్దాం. బేరం నువ్వు చెయ్యి, పళ్ళు, పొదుగు నేను చూస్తా, ఆవుల తండ్రి సంగతి కూడా నేనే అడుగుతా.

ఇట్లు,
మీ పెద్దమ్మ