‘చేయడం జరిగింది’: చేసిందెవరు?

సందేహం: హైదరాబాద్‌లో జర్నలిజం చదువుతున్నాను. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను. నా వార్తల్లో ‘పరిశీలించడం జరిగింది’, ‘పంపిణీ చేయడం జరిగింది’ అని ఉన్న చోటల్లా సబ్‌ఎడిటర్ కొట్టేసేవారు. ఇప్పుడు కాలేజీకి ఇచ్చే రిపోర్టులో ‘ఇంటర్న్‌షిప్ చేశాను’ అని రాస్తే, ‘చేయడం జరిగింది’ అంటేనే మర్యాదని మా మేడమ్ అంటున్నారు. ఏది ఒప్పు? ఇంటర్న్‌షిప్‌కు తెలుగు మాట ఉందా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: సబ్‌ఎడిటర్ మాటే వినండమ్మా. ‘చేయడం జరిగింది’లో వ్యాకరణ దోషం లేదు. ‘నువ్వు రావడం మంచిదైంది’ అంటాం. అలా క్రియకు ‘అడం’ చేర్చి నామంగా వాడుకోవడం మనకు మామూలే. ‘జరిగింది’ కూడా మంచి తెలుగే. పెళ్లి జరుగుతుంది, జాతర జరుగుతుంది, ప్రమాదం జరుగుతుంది. చిక్కల్లా మనిషి పూనుకుని చేసిన పనికి దాన్ని తగిలించడంలోనే ఉంది. ‘అన్నం తిన్నావా’ అని అమ్మ అడిగితే ‘తినడం జరిగింది’ అని ఎవరూ బదులివ్వరు.

తెలుగు క్రియ తన కర్తను వెంటబెట్టుకుని వస్తుంది. చేశాను, చేశాం, చేశావు, చేశాడు, చేసింది, చేశారు. తెలంగాణ పలుకుబడిలో చేసిన, చేసినం, చేసిండు, చేసిన్రు. నేను, మేము అని విడిగా చెప్పకపోయినా ఆ చివరి అక్షరమే చెప్పేస్తుంది. ఇంత సౌకర్యం ఇంగ్లీషు క్రియకు లేదు. ‘చేయడం జరిగింది’ అనగానే ఈ రూపాలన్నీ చెరిగిపోయి ఒక్క ‘ఇంది’ మిగులుతుంది. ‘నిన్న కమిషనర్‌ను కలవడం జరిగింది’. కలిసింది నేనా, మేమా, కాలనీవాళ్లా?

డెస్కులో ఇంటర్న్‌లకు మొదట చేతికిచ్చే పని తరచూ ప్రెస్‌నోట్‌ను వార్తగా మార్చడమే. అది ఇలా ఉంటుందనుకోండి: ‘స్థానికుల ఫిర్యాదు మేరకు నాలాను పరిశీలించడం జరిగింది. పూడిక తీయించడం జరిగింది. త్వరలో మరమ్మతులు చేపట్టడం జరుగుతుంది.’ మూడు వాక్యాల్లో ఒక్క మనిషి లేడు. దీన్ని ‘పరిశీలించారు’ అని మార్చబోతే వెంటనే ‘ఎవరు?’ అన్న ప్రశ్న వస్తుంది. ఇంజినీరా, కార్పొరేటరా? ఫోన్ చేసి కనుక్కోవాలి. ‘తీయించారు’ అని రాసినంత మాత్రాన పేరు తెలిసిపోదు, నిజమే. కానీ ఆ ‘రు’ కర్తను అడుగుతుంది. ‘జరిగింది’ ఎవరినీ అడగదు. అందుకే సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో మీరు విన్న ప్రసంగంలో ఎన్ని ‘జరిగింది’లు ఉన్నా, వార్తలోకి ఒక్కటి కూడా రానివ్వకూడదంటాను. ఈ విషయంలో నేను పట్టుదలగానే ఉంటాను.

గిడుగు రామమూర్తి (1863–1940) జనం నోటి భాష రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. తాపీ ధర్మారావు ‘జనవాణి’ పత్రికను వాడుక భాషలో నడిపి చూపించారు. ఇంత కష్టపడి వదిలించుకున్న గ్రాంథికం స్థానంలో, ఎవరి ఇంట్లోనూ వినపడని ఈ ఆఫీసు భాషను మనమే తెచ్చి కూర్చోబెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మర్యాద సంగతి. తెలుగులో మర్యాద ‘గారు’లో, ‘అండి’లో, ‘మీరు’లో, ‘చేశారు’లోని ‘రు’లో ఉంది. ‘జరిగింది’లో లేదు. మీ మేడమ్‌కు ఈ మాట నెమ్మదిగా చెప్పి చూడండి.

ఒక్క చోట మాత్రం నేను కొట్టెయ్యను: ‘బస్సులో అనుకోకుండా ఆయన్ను కలవడం జరిగింది.’ అక్కడ తన ప్రమేయం లేకుండా తటస్థపడిందన్న అర్థం ఉంది.

ఇక ఇంటర్న్‌షిప్. ‘శిక్షణార్థి’ అన్న మాట ఉంది గానీ అది ట్రైనీకి బాగా నప్పుతుంది. రైలు, పోలీసు లాగే ఇదీ మన నోట స్థిరపడింది, అలాగే రాయండి. కాకపోతే ‘ఇంటర్న్ విద్యార్థిని’ అనకండి. అచ్చులో ‘న్’ జారిపడితే మిమ్మల్ని ఇంటర్మీడియట్ అమ్మాయి అనుకుంటారు. ‘ఇంటర్న్‌షిప్ చేస్తున్న విద్యార్థిని’ అంటే ఆ ఇబ్బంది ఉండదు.

మీ రిపోర్టు మొదటి వాక్యం ఇలా ఉండొచ్చు: ‘దినపత్రిక డెస్కులో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను.’ ముందు ‘నేను’ అని రాయడానికి మొహమాటమైతే మానేయండి. చివర ‘ను’ ఉంది కదా, చాలు.