ఆ అంకె ఎవరి చేతుల మీదుగా వచ్చింది?

తమ్ముడూ,

1994లో సియాటిల్‌లోని తన ఇంట్లో ఇరవై ఏడేళ్లకే తుపాకీ గాయంతో చనిపోయిన అమెరికన్ రాక్ సింగర్, నిర్వాణా బ్యాండు కర్ట్ కొబేన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, వేగం ఉంది, ఎక్కడా బోర్ కొట్టలేదు. కానీ మూడో పేరాకే "ఇది ముమ్మాటికీ హత్యే" అని తేల్చేశావు. అక్కడి నుంచి ప్రశ్నలు అడగడం మానేసి, నీ తీర్పుకి సరిపోయేవి ఏరుకుంటూ పోయావు. సియాటిల్ పోలీసులు ముందే ఆత్మహత్య అనుకుని దర్యాప్తు చేశారని నువ్వు తిడుతున్నావు చూడు, ఆ పనే ఇటువైపు నుంచి నువ్వూ చేస్తున్నావు.

అనుమానం నీకు ఉండాల్సిందే. అది లేనివాడు క్రైమ్ రాయకూడదు, ప్రెస్‌నోట్లు టైపు చేసుకోవాలి. అయితే ఆ అనుమానం పోలీసుల మీద ఎంత ఉందో, పోలీసులు తప్పని చెప్పేవాళ్ల మీద కూడా అంతే ఉండాలి. నీ వ్యాసంలో నాకు లోటుగా కనిపించింది అదొక్కటే, మిగతావన్నీ సర్దుకుంటాయి.

నీ వాదనకి మూలస్తంభం ఆ 1.52 అంకె. లీటరు రక్తంలో 1.52 మిల్లీగ్రాముల మార్ఫిన్, ప్రాణం తీసే డోసుకి మూడింతలు, అంత ఎక్కించుకున్న మనిషి తుపాకీ ఎత్తలేడు, కాబట్టి ఇంకెవరో కాల్చారు. లెక్కల మాస్టారు బోర్డు మీద స్టెప్పులు వేసినట్టు చక్కగా ఉంది. సరే, ఆ అంకె నీకెక్కడ దొరికింది? యూట్యూబ్ వీడియోలో అని నువ్వే రాశావు. వెనక్కి వెళ్తూ పోతే అది 1994 ఏప్రిల్‌లో సియాటిల్ పోస్ట్-ఇంటెలిజెన్సర్ పత్రికలో వచ్చిన వార్త దగ్గర తేలుతుంది. ల్యాబ్ రిపోర్టు మాత్రం బయటికి రాలేదు, ఎందుకంటే వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం పోస్ట్‌మార్టం రిపోర్టు గోప్యం, కుటుంబానికీ, ఇంకా కొద్దిమందికీ తప్ప ఇవ్వరు. అంటే ముప్పై ఏళ్లుగా ప్రపంచమంతా వాదించుకుంటున్నది ఒక పత్రికలో వచ్చిన అంకె మీద. ఆ అంకె నిజమే కావచ్చు, నేను కాదనడం లేదు. కానీ అది దేని కొలతో తెలియకుండా దాని మీద మేడ కట్టలేవు.

ఎందుకంటావా, విను. హెరాయిన్ రక్తంలోకి వెళ్లిన నిమిషాల్లోనే రూపం మార్చుకుని చివరికి మార్ఫిన్ అవుతుంది, అందుకే ల్యాబ్‌లో కొలిచేది మార్ఫిన్‌ని. అందులో మళ్లీ ఫ్రీ మార్ఫిన్ అని ఒకటి, టోటల్ మార్ఫిన్ అని ఒకటి. ఫ్రీ అంటే ఇంకా మార్ఫిన్‌గానే తిరుగుతున్నది. టోటల్‌లో లివర్ మార్చేసిన రూపాలు కూడా కలుస్తాయి, రోజూ వాడేవాళ్ల ఒంట్లో అవి పేరుకుని ఉంటాయి. 1.52 ఫ్రీ అయితే ఒక కథ, టోటల్ అయితే పూర్తిగా వేరే కథ, పత్రికలో వచ్చిన అంకె ఆ తేడా చెప్పదు. రక్తం గుండె దగ్గర తీశారా, తొడ దగ్గర తీశారా అన్నది ఇంకో తిరకాసు, చనిపోయాక మందులు ఒంట్లో ఒకచోట నుంచి ఇంకోచోటికి జారతాయి కాబట్టి రెండు చోట్లా ఒకే అంకె రావాలని లేదు. పైగా ఆయన ఏప్రిల్ 5న చనిపోయి ఉంటాడని అంచనా, శవం దొరికింది 8న, ఇంట్లో అలారం పెట్టడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి.

ఇక అలవాటు సంగతి. కొత్తవాడిని చంపే డోసుతో పాతవాడు లేచి తిరుగుతాడు, అందుకే హెరాయిన్‌కి "ఇంత దాటితే చావే" అనే గీత అందరికీ ఒకటే ఉండదు, నీ "మూడింతలు" అక్కడే కూలిపోతుంది. ఇది చదివి ఎగిరి గంతేసి అటువైపు వాదన రాయకు మళ్లీ! మందు మానేస్తే ఆ తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆయన మార్చి చివర్లో లాస్ ఏంజిలెస్‌లో డీఅడిక్షన్ సెంటర్‌లో చేరి ఏప్రిల్ 1న గోడ దూకి వచ్చేశాడు, ఆ కొద్ది రోజుల్లో తగ్గిందా, తగ్గితే ఎంత? రెండు వైపులా ఇంత సందు ఉన్నప్పుడు ఆ సందుని పాఠకుడికి చూపించడమే నీ పని, దాన్ని పూడ్చడం కాదు.

నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావు కదా, ఉస్మానియాలోనో గాంధీలోనో పనిచేసి రిటైరైన ఫోరెన్సిక్ డాక్టర్ ఎవరినైనా పట్టుకుని ఒక సాయంత్రం కూర్చో. మన దగ్గర అనుమానాస్పద మృతి అయితే ముందు శవపంచనామా, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174 సెక్షన్ కింద, ఇప్పుడు దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద. తర్వాత పోస్ట్‌మార్టం. విషం అనుమానం ఉంటే విసెరా తీస్తారు: కడుపు, అందులో ఉన్న పదార్థం, చిన్నపేగు ముక్క ఒక సీసాలో, లివర్ ముక్క, రెండు కిడ్నీల్లోంచి సగం సగం ఇంకో సీసాలో, ఇక కరగదు అన్నంతగా ఉప్పు కలిపిన నీళ్లలో వేస్తారు. రక్తం వేరే సీసాలో, సోడియం ఫ్లోరైడ్ కలిపి. వాటితోపాటు ఉత్త ఉప్పునీళ్ల సీసా ఒకటి కూడా పంపుతారు, అదెందుకో తెలుసా? రేపు కోర్టులో లాయరు లేచి "ఆ విషం మీ ఉప్పులోనే ఉందేమో" అంటే చూపించడానికి. అన్నిటికీ లక్క సీలు, లేబుల్ మీద పీఎం నంబరు, తేదీ, డాక్టరు సంతకం, అప్పుడు కానిస్టేబుల్ వాటిని పట్టుకుని రెడ్ హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్, అదే ఎఫ్‌ఎస్‌ఎల్‌కి వెళ్తాడు. ఒక అంకె పుట్టడానికి వెనక ఎన్ని చేతులుంటాయో, ఏ చేతి దగ్గర తేడా రావచ్చో ఇది వింటే నీకు అర్థమవుతుంది, అప్పుడు సియాటిల్ గురించి నువ్వు అడిగే ప్రశ్నలు వాటంతటవే పదునెక్కుతాయి.

వేలిముద్రల దగ్గర నువ్వు రాసిన వాక్యం కొట్టెయ్. "తుపాకీ మీద ఒక్క వేలిముద్ర కూడా లేదు, తుడిచేశారు" అన్నావు. పోలీసు రికార్డులో ఉన్నది అది కాదు. తుపాకీని మే 6న, అంటే దాదాపు నెల తర్వాత పరీక్షించారు, నాలుగు ముద్రలు ఎత్తారు, ఏదీ పోల్చడానికి పనికొచ్చేంత స్పష్టంగా లేదు. అలికిపోయిన ముద్రకీ అసలు లేని ముద్రకీ చాలా దూరం ఉంది. తుపాకీల మీద స్పష్టమైన ముద్రలు దొరకడం ఎక్కడైనా అరుదే, నూనె, గరుకుతనం, పట్టుకున్నప్పుడు జారడం, అన్నీ చెడగొడతాయి. నిజంగా నిలదీయాలంటే ఆ నెల ఆలస్యాన్ని నిలదియ్యి, అది న్యాయమైన ప్రశ్న, దానికి ఏ కుట్రా అక్కర్లేదు. ఇంత పేరున్న మనిషి కేసులో అంత తాపీ ఏమిటని నాకూ ఒళ్లు మండుతుంది.

ఖాళీ తూటా ఏ పక్క పడిందన్న గోల మీద నువ్వు పేజీన్నర ఖర్చు పెట్టావు. నాలుగు లైన్లు చాలు. తుపాకీ ఎటు తిరిగి ఉందో బట్టి అది పడే వైపు మారుతుంది, ఆ వివరంలోకి దిగితే ఎలా చనిపోయాడో బొమ్మ గీసి చూపించినట్టవుతుంది, అది నువ్వు రాయకూడని భాగం.

శవం పక్కన దొరికిన ఆయన చివరి ఉత్తరం సంగతి. చివరి లైన్ల చేతిరాత వేరుగా ఉందని నీకు అనిపించింది. నీకేం, నాకూ అనిపిస్తుంది స్క్రీన్ మీద చూస్తే. కానీ మన ఎఫ్‌ఎస్‌ఎల్‌లో డాక్యుమెంట్ల సెక్షన్ వాళ్ల దగ్గరికి ఫోన్‌లో తీసిన ఫోటో పట్టుకెళ్లి చూడు, ఒరిజినల్ ఏదీ అంటారు, ఆ మనిషి అదే కాలంలో రాసిన ఒప్పుకున్న రాతలు ఏవీ అంటారు. కలం ఎంత ఒత్తింది, ఎక్కడ ఎత్తి మళ్లీ పెట్టారు అన్నవి జెరాక్సులో చచ్చిపోతాయి. టీవీలో కూర్చుని కాపీ చూసి తీర్పు చెప్పిన నిపుణుడిని "నిపుణుడు తేల్చాడు" అని రాయకు, "కాపీ చూసి అన్నాడు" అని రాయి.

2014 గురించి కూడా సరిచెయ్యి. ఇరవై ఏళ్లు నిండుతున్నాయని ఒక డిటెక్టివ్ పాత ఫైలు తీసి చూశాడు, చావు జరిగిన చోట అప్పట్లో ఫోటోలు తీసి కడగకుండా వదిలేసిన ఫిల్మ్ రోల్స్ దొరికాయి, కడిగించారు, ఆత్మహత్యే అన్న నిర్ణయం మారలేదు. "కేసు తిరగదోడారు" అన్నది మన థంబ్‌నెయిళ్ల భాష, ఎర్ర గీత చుట్టి బాణం గుర్తు పెట్టే బాపతు. అసలు ఫోటోలు బయటపెట్టాలని ఒకాయన కోర్టుకెక్కితే 2018లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు కుదరదంది, కుటుంబం ఏకాంతాన్ని లెక్కలోకి తీసుకుని. నీకు నచ్చకపోయినా ఈ ముక్క వ్యాసంలో ఉండాలి.

అధికారులు కూడా తేల్చలేకపోయిన సంగీతకారుడి చావు కావాలంటే ఇలియట్ స్మిత్‌ది చదువు. 2003 అక్టోబరులో లాస్ ఏంజిలెస్‌లో, ఛాతీలో కత్తిపోట్లతో. అక్కడి కరోనర్ (చావుకి కారణం తేల్చే అధికారి) రిపోర్టు ఆత్మహత్యా, హత్యా అన్నది నిర్ధారించలేమని వదిలేసింది. దాన్ని పక్కన పెట్టుకుని కొబేన్ కేసు చదివితే, ఆఫీసు వాళ్లు తెలియదని ఒప్పుకున్న చోటుకీ, మనం ఒప్పుకోలేక తెలియదంటున్న చోటుకీ తేడా కళ్లకు కడుతుంది. నిజం చెప్పాలంటే నువ్వు దాని మీద రాసి ఉంటే నాకు ఇంకా నచ్చేది, కానీ కోఠి ఫుట్‌పాత్ మీద అమ్మే పసుపు స్మైలీ టీషర్టు కొబేన్ బ్యాండుది, ఇలియట్ స్మిత్‌ది కాదు కదా, నీ బాధ అర్థమైంది.

కొబేన్ భార్య మీద రాసిన రెండు పేరాలు మొత్తం తీసెయ్. తప్పిపోయిన భర్తని వెతకమని ఏప్రిల్ 3న ఆమె పెట్టుకున్న ప్రైవేట్ డిటెక్టివే తర్వాత హత్య వాదన మొదలుపెట్టాడన్నది ఆసక్తికరమైన విషయం, ఆ వరకు రాయి. ఆమె మీద కేసే పెట్టలేదు, ఆమె బతికే ఉంది, కూతురు పెద్దదై తన బతుకు తను బతుకుతోంది. సియాటిల్ ఎవరు చదువుతారులే అనుకోకు, రేపు ఇక్కడ ఎవరో సింగర్ పోతే ఇదే చేత్తో అదే రాస్తావు, అప్పుడు నోటీసు బంజారాహిల్స్ నుంచి వస్తుంది.

ఇంకో సంగతి, నీ వ్యాసం చదివేవాళ్లలో ఇరవై ఏళ్ల పిల్లలే ఎక్కువ ఉంటారు. హెడ్డింగ్‌లో తుపాకీ మాట వద్దు, ఇరవై ఏడేళ్లకే పోవడం ఏదో గొప్ప విషయంలా రాసిన ఆ పేరా వద్దు, చివర్లో మానసిక సాయం ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు వెయ్యి. స్థలం లేదని ఎడిటర్ అంటే ఫోటో సైజు తగ్గించమను.