తొమ్మిదిసార్లా, రెండేసార్లా?

ప్రశ్న: మా పాప హార్బర్ దగ్గర సెయిలింగ్ నేర్చుకుంటోంది, ఇంట్లో పొద్దస్తమానం పడవల గోలే. వైల్డ్ ఓట్స్ ఎలెవన్ అనే పడవ ఆస్ట్రేలియాలో జరిగే సిడ్నీ–హోబార్ట్ రేసు తొమ్మిదిసార్లు గెలిచిందని పాప, కాదు రెండేసార్లని వాళ్ల మామయ్య. 2017లో అందరికంటే ముందు చేరినా కప్పు ఇంకో పడవకి ఇచ్చారట కూడా. ఏంటండీ ఈ లెక్క?
– ఒక పాఠకురాలు, అణ్ణానగర్, చెన్నై

జవాబు: ఇద్దరూ కరెక్టేనండీ, ముందు వాళ్లకి రాజీ కుదర్చండి. ఆ రేసులో గెలుపు రెండు రకాలు. 628 నాటికల్ మైళ్లు వెళ్లి హోబార్ట్‌లో గీత ముందు దాటిన పడవకి ఒక కప్పు. ఇక పొడవు, బరువు, తెరచాపల సైజు లాంటివి చూసి ప్రతి పడవకీ ఒక రేటింగ్ ఇస్తారు, పట్టిన టైముని దాంతో హెచ్చవేస్తే ఎవరికి తక్కువొస్తే వాళ్లది రెండో కప్పు. గుండ్రంగా చెప్పాలంటే, పెద్ద పడవ రేటింగ్ 2, చిన్నదానిది 1 అనుకోండి. పెద్దది 42 గంటల్లో వెళ్తే లెక్కలో 84 అవుతుంది, అంటే చిన్నది మూడున్నర రోజుల్లోపు చేరితే చాలు, గెలుపు దానిదే. సెయిలింగ్ వాళ్లు ఎక్కువ విలువిచ్చేది ఈ రెండోదానికే, పేపర్లో ఫొటో మాత్రం ముందొచ్చిన పడవదే వేస్తారు!

వైల్డ్ ఓట్స్ 100 అడుగుల పడవ. 2005లో నీళ్లలోకి దిగిన ఏడాదే రెండు కప్పులూ, కొత్త రికార్డూ కొట్టేసింది. అక్కణ్ణుంచి 2008 దాకా వరసగా ముందుంది, తర్వాత 2010, ఆపైన 2012, 2013, 2014, చివరిగా 2018. మొత్తం తొమ్మిది, పాప లెక్క అదీ. కానీ రేటింగ్ కప్పు కూడా కలిసొచ్చింది 2005, 2012ల్లోనే, మామయ్య చెప్పేది ఇది. 2011లో మూడు నిమిషాల ఎనిమిది సెకన్ల తేడాతో ఓడిపోయింది, రెండు రోజుల పరుగులో!

2017 సంగతి మీ పాపకి నాకంటే బాగా అర్థమవుతుంది. గాలి కుడివైపు నుంచి వీస్తున్న పడవకి, ఎడమవైపు నుంచి వీస్తున్న పడవ దారివ్వాలి. అందుకే పిల్లలు సైతం ఎదురొచ్చే పడవని చూసి 'స్టార్‌బోర్డ్!' (అంటే కుడివైపు, దారి నాది అని) గొంతు చించుకుని అరుస్తారు. సిడ్నీ హార్బర్‌లో స్టార్ట్ అయిన కాసేపటికే వైల్డ్ ఓట్స్, దారి హక్కున్న కొమాంచీ అనే ఇంకో పెద్ద పడవ ముందు మలుపు తిరిగింది. తప్పు ఒప్పుకుని అక్కడే రెండు చుట్లు తిరిగి ఉంటే కథ అయిపోయేది. తిరగలేదు. చివర్లో హోబార్ట్ దగ్గర డెర్వెంట్ నదిలో గాలి తగ్గినప్పుడు కొమాంచీని దాటేసి 26 నిమిషాల ముందు చేరింది, మర్నాడు జ్యూరీ గంట పెనాల్టీ వేసింది. చేతికందింది నోటికందలేదు. రికార్డు కూడా కొమాంచీకే పోయింది, ఒక రోజు 9 గంటల 15 నిమిషాల 24 సెకన్లు. కొందరు జాలిపడ్డారు గానీ నాకు జ్యూరీ చేసిందే సబబనిపించింది, రెండు చుట్లు తిరగడానికి పట్టేది నిమిషాలే కదా.

ప్రశ్న: అంత పాత పడవ 2018లో కూడా ఎలా గెలిచిందండీ?
– ఇంకో పాఠకుడు, పెరంబూర్

జవాబు: పడవ అదే, ఒళ్లు అదే కాదు. 2015లో ముందు భాగం కోసేసి ఇంకా పొడవైన, సన్నటి ముక్కు పెట్టారు, 100 అడుగులు దాటకూడదు కాబట్టి వెనకవైపు కుదించారు. అంత ఖర్చు పెట్టినా ఆ ఏడాది మొదటి రాత్రే పెద్ద తెరచాప చిరిగి వెనక్కి తిరిగారు. 2016లో అందరికంటే ముందుండగా కీల్ మొరాయించింది. కీల్ అంటే అడుగున వేలాడే బరువు. వీళ్లది హైడ్రాలిక్స్‌తో పక్కలకి ఊగేది, గాలి పడవని ఒక పక్కకి తోస్తుంటే బరువుని రెండో పక్కకి జరుపుతారు. అది పని చెయ్యకపోతే అంత తెరచాపని మొయ్యడం కుదరదు, రేసు వదిలేయాల్సిందే.

అన్నట్టు ఈ రేసు ఏటా డిసెంబర్ 26న సిడ్నీ టైము మధ్యాహ్నం ఒంటిగంటకి, అంటే మనకి పొద్దున ఏడున్నరకి మొదలవుతుంది. లైవ్ చూడొచ్చు. ముందొచ్చిన పడవని చూసి టీవీ కట్టేయకండి, రేటింగ్ కప్పు ఎవరిదో తేలాలంటే చిన్న పడవలు కూడా చేరాలి.