సమాధానం: మేత పోరంబోకులో కంచె వేశారు, గొర్రెలు అమ్మేయాలా?

అన్నా, పలమనేరు దగ్గర మీ ఊరి మేత పోరంబోకులో, అంటే పశువుల మేతకు వదిలిన ప్రభుత్వ భూమిలో, ఒకాయన కంచె వేసి మామిడి నాటాడని, మంద అమ్మేయాలేమోనని రాశారు. తొందరపడి అమ్మొద్దు.

ముందు ఆ సర్వే నంబరు అడంగల్‌లో (ఊరి భూముల లెక్కల పుస్తకం), పాత ఆర్ఎస్ఆర్‌లో (సర్వే అప్పటి భూమి రిజిస్టరు) ఎలా ఉందో చూడండి. మేత పోరంబోకు అనే ఉంటే అది ఊరందరిదీ. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఇలాంటి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఏళ్లుగా అనుభవిస్తున్నాం, బోలెడు ఖర్చు పెట్టాం అనే మాటలు చెల్లవని కూడా అందులోనే ఉంది. భూమిలేని పేదలకు ప్రభుత్వమే ఇచ్చి ఉంటే మాత్రం సంగతి వేరు, అది కూడా కనుక్కోండి.

అర్జీ ఒక్కరే పెడితే టెన్షన్ మీకే. మంద కట్టించుకునే రైతులనూ కలుపుకోండి. రాత్రి మీ గొర్రెలు పడుకున్న చేలో తెల్లారేసరికి పరుచుకునే పెంట, మూత్రం వాళ్ల పంటకు బలం కదా. ఆవులున్న వాళ్లకూ ఆ బీడే ఆధారం. అందరి సంతకాలతో అర్జీ తహసీల్దారుకు, అర్జీలు తీసుకునే సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లోనూ ఇవ్వండి. రసీదు తీసుకోండి.

భూమి చేతికొచ్చాక లాంటానా కంపను వేళ్లతో సహా పీకించండి. తొలకరికి స్టైలో హమాటా అనే పశుగ్రాసం విత్తనాలు చల్లి, ఒక పక్క గడ్డి గింజ రాలేదాకా మంద తోలకండి. మిగతా పక్క మేపుకోవచ్చు. మరుసటి ఏడు పక్కలు మార్చండి.