ఇంట్లో దాచిన సంగతి డాక్టరు దగ్గర దాచవద్దు

అమలాపురం ప్రాంతం నుంచి వెళ్లి మెల్‌బోర్న్‌లో కొత్తగా స్థిరపడుతున్న ఒక చెల్లెలు నన్ను రెండు విషయాలు అడిగింది. సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రాంతులు కలిగించే పదార్థం), ఎండీఎంఏ (మత్తుమందుగా పేరుపడ్డ ఒక రసాయనం) అనే మందుల తోడుతో చేసే మానసిక చికిత్సలో నా పద్ధతి ఏమిటన్నది ఒకటి, మనవాళ్లు ఆ చికిత్సకు వెళ్లాలనుకుంటే ముందుగా ఏం తెలుసుకోవాలన్నది రెండోది. సెలవులకు రాజోలు వచ్చి ఉన్నాను కనుక, మా ఇంటి అరుగు మీద కూర్చునే జవాబు రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2023 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో ప్రత్యేక అనుమతి పొందిన సైకియాట్రిస్టులు, ఇతర చికిత్సలకు లొంగని డిప్రెషన్‌కు సైలోసైబిన్‌ను, పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బుకు) ఎండీఎంఏను ఇవ్వగలుగుతున్నారు. నేను సైకాలజిస్టును కాబట్టి మందు రాయను, మనిషి పక్కన కూర్చునే ఇద్దరు థెరపిస్టులలో ఒకరిని. ఆ పరిధి దాటితే అవి అక్కడా నిషిద్ధమే, మన దేశంలోనూ మత్తుమందులను అదుపుచేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తాయి. స్నేహితుడి గదిలో ఎవరో ఇచ్చినదాన్ని చికిత్స అనుకుని చదువునూ వీసానూ ప్రమాదంలో పడేసుకోకండి.

మందు ఇచ్చే రోజు ఆరు నుంచి ఎనిమిది గంటల పని. మనిషి కళ్లకు గంత కట్టుకుని, సంగీతం వింటూ పడుకుంటారు. మధ్యమధ్య రక్తపోటు చూస్తాం. ఆ సమయంలో నేను చాలా తక్కువ మాట్లాడతాను, అర్థాలు చెప్పను. తాకడం గురించి మాత్రం ముందు సమావేశాల్లోనే తేల్చుకుంటాను: అడిగితే అరచేయి పట్టుకుంటాను, "చాలు" అన్న మరుక్షణం వదిలేస్తాను. ఉదయమంతా ఇంగ్లీషులోనే మాట్లాడిన ఒకాయన, మధ్యాహ్నం దుప్పటి అంచు బిగించి పట్టుకుని "చెయ్యి" అని తెలుగులో అన్నారు. నేను ఆయన అరచేయి పట్టుకున్నాను, ఇంకేమీ అడగలేదు. ఆయన ఏం చూశారో మరో రోజు, స్థిమితపడ్డాక, తానే చెప్పారు.

అయితే నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది మందుకు చాలా ముందు అడిగే ఒక ప్రశ్న. మీకుగానీ, దగ్గరి రక్తసంబంధీకులకుగానీ స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని నమ్మకాలు కలగడం), బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి రావడం) వంటి జబ్బులున్నాయా అని అడుగుతారు. అలాంటివారిలో ఈ మందులు మతిభ్రమణాన్నో, ఉన్మాదాన్నో రేపే ప్రమాదం ఉంది. ఇక్కడే మనవాళ్లు "లేదు" అని రాసేస్తారు. అబద్ధమాడాలని కాదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మా చిన్న మేనమామ ఏటిగట్టు మీద రాత్రంతా తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగితే ఇంట్లో "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించారు. ఆయనను విశాఖ మానసిక వైద్యశాలలో చేర్చిన సంగతి నాకు ముప్పై ఏళ్లు దాటాకగానీ తెలియలేదు. పెళ్లిళ్లు కావలసిన ఆడపిల్లలున్నారని దాచారట. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆయన ఒంటరిగా పడ్డ బాధ తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

అందుకే తెలుగువాళ్లను నేను జబ్బు పేర్లతో అడగను. ఇంట్లో ఎవరైనా చెప్పకుండా ఊళ్లు పట్టి పోయేవారా, ఎవరికీ వినిపించని మాటలు విన్నారా, ఎవరి గురించైనా పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారా అని అడుగుతాను. ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను, పాలకొల్లు వైపు కుర్రవాడొకడు ఈ ప్రశ్నల తర్వాత తల్లికి ఫోను చేస్తే, ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండి, "ఇప్పుడెందుకురా పెదనాన్న సంగతి?" అన్నారట.

వాడుతున్న మాత్రల పేర్లు కూడా దాచవద్దు. ముఖ్యంగా బైపోలార్‌కు వాడే లిథియంతో సైలోసైబిన్ కలిస్తే మూర్ఛలు రావచ్చు. అలాగని ఏ మాత్రనూ సొంతంగా ఆపేయకూడదు, అది డాక్టరు చూసుకోవలసిన పని.

ఆ కుర్రవాడికి మందు ఇవ్వలేదు. సైకియాట్రిస్టు వేరే చికిత్స మొదలుపెట్టారు, నాతో మాట్లాడడానికి మాత్రం ఇప్పటికీ వస్తున్నాడు. పోయినసారి వచ్చినప్పుడు పెదనాన్న ఫొటో ఒకటి తెచ్చి చూపించాడు.