పదకొండో స్క్రూ దగ్గర చెయ్యి ఆపు

పెరంబూరు, చెన్నై

చిన్నీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన నీ లాప్‌టాప్ అడుగు కవర్ ఫొటో పెద్దది చేసి చూశాను. పది స్క్రూలు ఊడాయి, స్క్రీన్ మడత హింజ్ పక్కనున్న పదకొండోది కదలడం లేదు. దాని ప్లస్ గాడి అంచులు అరిగి మెరుస్తున్నాయి. అంటే స్క్రూడ్రైవర్ ఇప్పటికే రెండు మూడు సార్లు జారింది. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా దాన్ని మళ్లీ ముట్టుకోకు. ఒక్కటే కదా అని కవర్‌ని మిగతా మూడు వైపుల నుంచి లేపి లాగకు కూడా. స్క్రూ కూర్చునే ప్లాస్టిక్ దిమ్మ విరిగితే మళ్లీ సరిగ్గా అతకదు.

రైలు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేశాను. అక్కడి బోల్టులు బొటనవేలంత, నీ స్క్రూ బియ్యపు గింజంత. అయినా పట్టేసిన స్క్రూతో వ్యవహారం ఒకటే. మన పట్టంతా ఆ తల మీది గాడిలోనే ఉంటుంది, జారిన ప్రతిసారీ అది కొంత తరిగిపోతుంది. అందుకే మొదటిసారి జారగానే ఆగాలి. 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేటెంట్ తీసుకున్న ఈ ప్లస్ గాడికి గోడలు కాస్త వాలుగా ఉంటాయి. పైనుంచి ఒత్తిడి చాలకుండా బలంగా తిప్పితే బిట్, అంటే స్క్రూడ్రైవర్ మొన, ఆ వాలు మీదుగా పైకి ఎక్కి బయటికి వచ్చేస్తుంది. వస్తూ వస్తూ అంచును కోసేస్తుంది.

ముందు ఊడిన పది స్క్రూలనూ తెల్లకాగితం మీద పెట్టి చూడు. పదకొండోది ఎందుకు పట్టేసిందో అవే చెబుతాయి. త్రెడ్ మీద, అంటే స్క్రూ మరల మీద, నీలం పూత ఉంటే, అది స్క్రూ వదులు కాకుండా కంపెనీవాళ్లు వేసేది. దానికి వేడి పనిచేస్తుంది. తుప్పు మరకలుంటే నీ గది తిరువాన్మియూరు సముద్రానికి దగ్గర కాబట్టి ఆ ఉప్పుగాలి పని అనుకోవచ్చు. రెండూ లేకపోతే ఇదివరకు విప్పిన మెకానిక్ ఎవరో మరీ బిగించి ఉంటాడు. ఇంకొకటి గమనించు. స్క్రూ తిరుగుతోంది కానీ పైకి రావడం లేదంటే అది పట్టేయలేదు. కింద ప్లాస్టిక్‌లో స్క్రూ బిగుసుకునే ఇత్తడి గొట్టం, అంటే బుష్, కూడా కలిసి తిరుగుతోంది. అప్పుడు ఆ మూల కవర్ కిందకి పాత ఏటీఎం కార్డు దూర్చి, కొద్దిగా ఎత్తి పట్టుకుని తిప్పాలి. కొన్ని మోడళ్లలో స్క్రూలు కవర్‌కే అంటుకుని ఉంటాయి, పూర్తిగా బయటికి రావు. అదీ చూసుకో.

ఇప్పుడు పని. షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసెయ్. నీది థింక్‌ప్యాడ్ కాబట్టి బయోస్‌లోకి, అంటే ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్‌లోకి, వెళ్లి లోపలి బ్యాటరీని డిజేబుల్ చేసే ఆప్షన్ ఉందేమో చూడు, ఉంటే వాడు. గాడిలో మట్టి పేరుకుని ఉంటుంది, సూదితో తీసెయ్. లాప్‌టాప్ బోర్లా పెట్టినప్పుడు స్క్రీన్ కిందుంటుందని మర్చిపోకు. నువ్వు పైనుంచి నొక్కే బలమంతా దాని మీదే పడుతుంది. మడతపెట్టిన తువ్వాలు సమంగా పరిచి, నీ రూమ్మేట్‌ని రెండు చేతులతో లాప్‌టాప్ కదలకుండా పట్టుకోమను.

బిట్ విషయంలో రాజీ పడకు. ఈ అడుగు కవర్‌కి ఎక్కువగా పీహెచ్ 0 సైజు ప్లస్ బిట్ సరిపోతుంది. నువ్వు వాడింది అంతకంటే చిన్నదైన పీహెచ్ 00 అయ్యుంటుంది, సెట్లలో అవి పక్కపక్కనే ఉంటాయి. బిట్ గాడిలో పెట్టి అటూ ఇటూ కదిపితే ఊగకూడదు. గాడి అరిగింది కాబట్టి బిట్‌కీ స్క్రూకీ మధ్య వెడల్పాటి రబ్బర్‌బ్యాండ్ ముక్క పెట్టు. మూడు వంతుల బలం కిందకి, ఒక వంతు తిప్పడానికి. మొదట వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, తర్వాత ఎడమకి తిప్పు. పట్టు విడిపోవడం అలా మొదలవుతుంది. చిన్న టక్ వినిపిస్తే వచ్చినట్టే.

రాకపోతే సోల్డరింగ్ ఐరన్. 25 వాట్లది చాలు. వేడెక్కిన మొనను స్క్రూ తలకి మాత్రమే పది సెకన్లు ఆనించి, చల్లారకముందే తిప్పాలి. ఎక్కువసేపు పెడితే కింది ఇత్తడి బుష్ ప్లాస్టిక్‌లోంచి వదులైపోతుంది. ఆ చోటి కింద బ్యాటరీ ఉందో లేదో సర్వీస్ మాన్యువల్ బొమ్మలో చూశాకే ఈ పని చెయ్యి. ఉంటే వేడి వద్దు, కచ్చితంగా వద్దు. కొబ్బరినూనె, స్ప్రేలు కూడా వద్దు, అవి లోపలి సర్క్యూట్ బోర్డు మీదకి పాకుతాయి.

డ్రిల్లు నువ్వు పట్టుకోకు. మా వాడి పాత లాప్‌టాప్‌లో ఇలాంటి స్క్రూనే నేను డ్రిల్లుతో తీశాను. స్క్రూ వచ్చింది కానీ ఇనుప రజను బోర్డు మీద పడింది. ఆన్ చేయగానే షార్ట్ అయి ఆ బోర్డు పోయింది. అందులో వాడి కాలేజీ ఫొటోలున్నాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ముందు నీ ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లో కాపీ చేసుకో. డ్రిల్లు దాకా వస్తే అన్నా సాలై పక్కన రిచీ స్ట్రీట్‌కి తీసుకెళదాం. స్క్రూ ఒక్కటే తీయమని చెప్పి, ఎదురుగా నిలబడి చేయించుకుందాం.

వచ్చాక ఆ స్క్రూ మళ్లీ వాడొద్దు. అదే లావు, అదే పొడవు ఉన్న కొత్తది కొను. మిల్లీమీటరు పొడవు ఎక్కువైనా లోపల దేనికో గుచ్చుకుంటుంది. బిగించేటప్పుడు ముందు ఎడమకి తిప్పు. త్రెడ్ దారిలో పడ్డట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు కుడికి తిప్పు.

ఈలోగా ఆఫీసు పనికి లాప్‌టాప్ కావాలంటే మూలల్లో రెండు స్క్రూలు వేలి బలంతో పెట్టుకుని వాడుకో. ఆదివారం పొద్దున్నే ఐరన్, నా పీహెచ్ 0 డ్రైవర్ పట్టుకుని వస్తాను.

నీ మామయ్య